ఒకే పొరలో రెండు గొంతులు

తెనాలిలో కోటిలింగం మాస్టారింట్లో ఆ వేసవంతా ఒకటే పంచాయితీ. పాటలూ ఫైళ్లూ దాచుకుని, అడిగినప్పుడల్లా ఇల్లంతా వినిపించే చిన్న సర్వరు ఒకటి పెట్టుకోవాలి. ఏది పెట్టుకోవాలి?

పంచాయితీ అంటే ఊరంతా కాదు, తండ్రీ కూతుళ్లిద్దరే. కూతురు ఇందుమతి మంగళగిరి దగ్గర ఒక లాబొరేటరీలో ఇంజనీరు, రోజూ బస్సులో వెళ్లొస్తుంది. తండ్రి కోటిలింగం ఒకప్పుడు పగలు బడిపంతులు, రాత్రి సత్యసేన మహారాజు. 'సత్యసేన' పద్యనాటకం ఆయన ఆడని ఊరు ఆ చుట్టుపక్కల లేదు. ఆడిన ప్రతి నాటకాన్నీ స్టేజీ వారన టేపురికార్డరు పెట్టి పట్టాడు. అక్కడితో ఆగాడా, ఇంట్లో చేసుకున్న రిహార్సల్సు కూడా పట్టాడు. ఆ క్యాసెట్లు రెండు ట్రంకుపెట్టెల నిండా ఉండి, బూజు పట్టి, కొన్ని టేపులు చుట్టలు చుట్టుకుపోయి, ఇవాళో రేపో అన్నట్టున్నాయి.

ఇందుమతి సెలవు పెట్టి మరీ అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించింది. తల్లి భ్రమరాంబ పోయి కొన్నేళ్లయింది. ఆవిడ ఫోన్లో పంపిన మాటల మెసేజీలు, తన పాత ఫోను పూర్తిగా చచ్చేలోపే, వాటినీ అందులోనే వేసింది. ఆ ఇంటి ఆస్తంతా ఇక అదే.

ఆ పాత కంప్యూటరు వాలకం మటుకు చెప్పనలవి కాదు. ఆన్ చేస్తే పిండిమర ఆడుతున్నట్టే. "నేను రాగం ఎత్తుకుంటుంటే వెనకాల ఈ గాడిద ఓండ్రేందే!" అని మాస్టారు విసుక్కునేవాడు. పైగా కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టరుని అదే తాగేసేది, ఫ్యాన్లు నీరసంగా తిరిగేవి.

"చప్పుడు ఉండకూడదు, కరెంటు తాగకూడదు," అన్నాడాయన. "వంటింట్లో అడిగినా, వరండాలో అడిగినా నోరు తెరిచి పాడాలి. అట్టాంటిది చూడు."

"అన్నీ అట్టా అమరేది ఎక్కడ దొరుకుతుంది నాన్నా?"

"మీ అమ్మ దొరకలా?"

ఇందుమతి సంచి భుజాన వేసుకుని బస్సుకి బయల్దేరింది.

లాబులో పక్క బల్ల నసీమాని అడిగింది. నసీమా గుంటూరు పిల్ల, నోట్లో మాట ఆగదు. "చిన్న డబ్బా ఒకటి కొనుక్కో. రెండు డిస్కులుంటాయి, ఒకటి పోతే రెండోదుంటుంది. రెండు ఫోను ఛార్జర్లంత కరెంటు. బోరు కొట్టే వస్తువు కొనుక్కోవే తల్లీ, సుఖంగా ఉంటావు," అంది.

ఇందుమతి వినలేదు. ఎట్లా వింటుంది! ఆ లాబులో వాళ్లంతా కళ్లలో వత్తులు వేసుకుని తయారుచేస్తున్న వస్తువే అలాంటిది మరి. 'పొర' అనేవాళ్లు దాన్ని. అరచేతిలో పట్టే నల్లటి పలక. లోపల తిరిగేది లేదు, వేడెక్కేది లేదు. జీరో బల్బు తాగే కరెంటులో ఓ పిసరు చాలు దానికి. కిటుకేమిటంటే, కొత్తగా వచ్చినదాన్ని అది కొత్తగా రాసుకోదు. తన దగ్గరున్న వాటిలో దీన్ని పోలినది వెతికి, దాని మీద దీన్ని ఆనించి, తేడా మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. ఎక్కువసార్లు అడిగినదాన్ని గట్టిగా పట్టుకుంటుంది, అడగనిదాన్ని వదులుగా పట్టుకుంటుంది. మనిషి బుర్ర చేసే పనే కదా అని అందరూ గర్వంగా చెప్పుకునేవాళ్లు. సినిమా పాటలతో, పెళ్లి ఫోటోలతో, ఆఫీసు కాగితాలతో పరీక్షలు చేశారు, ఎక్కడా పొల్లు పోలేదు. ఇళ్లల్లో వాడి చూడమని సిబ్బందికి తలా ఒకటి ఇచ్చారు.

ఇందుమతి తన పలకని తెచ్చి ముందుగదిలో బీరువా మీద పెట్టింది. ఉన్న పద్యాలన్నీ, తల్లి మెసేజీలూ, ఇంటి కాగితాలూ అందులోకి ఎక్కించింది. పాత కంప్యూటర్ని పాతసామాన్లవాడికి ఇచ్చేముందు, చదువుకున్నది కనక, దాని డిస్కు శుభ్రంగా తుడిచేసింది.

ఇక క్యాసెట్లు మిగిలాయి. అవి కూడా ఇచ్చెయ్యమంటావా అని పాతసామాన్లవాడు చెయ్యి చాపితే మాస్టారు ఇంతెత్తున లేచాడు. "దేవుడి పటానికి అద్దం పగిలితే చెత్తబుట్టలో వేస్తావట్రా? ప్రతి క్యాసెట్లో ముందు వినాయక ప్రార్థన ఉంది. మొహానికి రంగేసుకుని దణ్ణం పెట్టుకుని పాడిన పద్యాలు. తప్పు, తప్పు!" అన్నాడు. రెండు ట్రంకుపెట్టెల్నీ ఆటోలో ఎక్కించి, పసుపూ కుంకుమా చల్లి, తండ్రీ కూతుళ్లు కాలవలో నిమజ్జనం చేసి వచ్చారు. అప్పుడే నీళ్లు వదిలిన కాలవలో ఆ క్యాసెట్లు కాసేపు తేలాయి, తర్వాత మునిగిపోయాయి. ఇంటికొచ్చి ఇద్దరూ కాళ్లు కడుక్కున్నారు.

వానలు పట్టాక ఒక ఆదివారం మధ్యాహ్నం. చినుకులు మొదలైతే ఇందుమతి డాబా మీద బట్టలు తీసుకుని మెట్లు దిగుతోంది. ముందుగదిలో నాటకం నడుస్తోంది. అడవులకి పోతున్న సత్యసేనుణ్ణి రాణి కువలయవతి ఏటి ఒడ్డుదాకా సాగనంపే ఘట్టం. హార్మోనియం ఎత్తుకుంది. 'ఏటి దరిదాక వచ్చితి నింక నాథ...' అని పద్యం మొదలైంది.

ఆ పద్యం సామ్రాజ్యం గారి సొత్తు. రాణి వేషానికి ఆ రోజుల్లో ఆవిడ తర్వాతే ఎవరన్నా. పద్యం ముగియడం ఆలస్యం, పందిట్లో జనం 'వన్స్ మోర్!' అని గోల పెట్టేవాళ్లు, ఆవిడ మళ్లీ ఎత్తుకునేది. రెండోసారి పాడింది మొదటిసారి పాడినట్టు ఉండేది కాదు, మూడోసారి పాడింది రెండోదానిలా ఉండేది కాదు. జనరేటరు దగ్గర కాపలా ఉండాల్సినవాడు దాన్నొదిలేసి వచ్చి స్టేజీ ముందు చతికిలబడేవాడని చెప్పుకుంటారు.

ఇందుమతి మెట్ల మీదే ఆగిపోయింది. పాడుతున్నది సామ్రాజ్యం కాదు. అమ్మ!

సందేహమే లేదు. మొదటి అక్షరాన్ని కాస్త నొక్కి, ముక్కులోకి తీసుకుని పలికే అమ్మ గొంతు. వెనక స్టేజీ హార్మోనియం ఉంది, తబలా ఉంది, పందిరి నిండా జనం ఉన్నారు. పద్యం ముగిసింది. 'వన్స్ మోర్! వన్స్ మోర్!' అని అరిచారు జనం. జన్మలో స్టేజీ ఎక్కని భ్రమరాంబ, చేతిలో గరిటె పట్టుకుని వంటింటి గడపలో నిలబడి రిహార్సల్సులో మొగుడికి ఆడవేషాల పద్యాలన్నీ అందించిన భ్రమరాంబ, ఊరు ఊరంతా అడిగితే మళ్లీ ఎత్తుకుంది.

ఇందుమతి బట్టలు మెట్ల మీద వదిలేసి లోపలికి వచ్చింది. మాస్టారు పడక్కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నాడు. కన్నీళ్లు చెంపల మీద నుంచి చొక్కాలోకి కారుతున్నాయి.

"విన్నావా అమ్మాయ్?" అన్నాడు. "మీ అమ్మకి వన్స్ మోర్ పడింది."

"నాన్నా, ఇది రేపల్లెలో ఆడిన నాటకం. దీంట్లో అమ్మ ఎట్టా ఉంటుంది?"

"ఉందిగా."

"ఎప్పట్నించి ఇట్టా వస్తోంది?"

"చాన్నాళ్లయిందే. మొదట్లో ఒక్కో అక్షరంలో తొంగిచూసి పోయేది. నేనూ భ్రమే అనుకున్నా. తర్వాత కనిపెట్టా. పొద్దున మనింటి రిహార్సల్సు వేసుకుంటే, సాయంత్రం నాటకంలోకి మీ అమ్మ ఇంకాస్త వస్తుంది. అందుకని రోజూ పొద్దున అవే వేస్తున్నా." మొక్కకి నీళ్లు పోస్తున్నా అన్నంత మామూలుగా చెప్పాడు.

ఆపెయ్యాలని ఇందుమతికి వెంటనే తెలిసింది. తెలిసీ ఆపలేదు. అమ్మ మీద బెంగ అలాంటిది. ఆ వారమంతా లాబు నుంచి రాగానే చెప్పులు విప్పకుండానే బీరువా ముందు నిలబడి 'ఏటి దరి పద్యం వెయ్యి' అనేది. వేసిన ప్రతిసారీ అమ్మ గొంతు మరికాస్త తేటపడేది. సంతోషమూ వేసేది, భయమూ వేసేది. బతికుండగా చెయ్యని పనిని పోయిన మనిషి చేస్తుంటే, ఆ మనిషిని తెలిసి తెలిసీ దీపం పెట్టి పిలుస్తున్నట్టుండేది.

ఆఖరికి నసీమాకి చెప్పింది.  నసీమా నవ్వుతుందనుకుంది. నవ్వలేదు.

"మా ఇంట్లో కూడానే," అంది నసీమా మెల్లగా. "పెద్దోడు బుడ్డోడిగా ఉన్నప్పుడు చెప్పిన పద్యాలున్నాయి. అవి వేస్తే చిన్నోడి గొంతు వస్తోంది. పెద్దోడి చిన్నతనం ఎక్కడా లేదు ఇందూ. వాడు పుట్టి పెరగనట్టే ఉంది. మా ఆయనకి చెబితే పిల్లల గొంతులన్నీ ఒకటేలే అన్నాడు. తల్లికి తెలీదా?"

ఇద్దరూ కలిసి ఇందుమతి ఇంటి పలక లోపలికి తొంగిచూశారు. లాబులో కూర్చునే చూడొచ్చు దాన్ని. ఒకే శ్రుతి, ఒకే పద్యం, ఒకే హార్మోనియం, వందలసార్లు. స్టేజీ మీద ఒకావిడా, వంటింట్లో ఇంకొకావిడా. సినిమా పాటల పరీక్షల్లో ఇలాంటిది వాళ్ల ఊహకి కూడా అందలేదు. పొర ఇద్దర్నీ ఒకరి మీద ఒకర్ని ఆనించి, ఇద్దరూ ఒక్కరే అని తేల్చుకుంది. మాస్టారు ఎవర్ని ఎక్కువ పిలిచాడో వాళ్లని ఉంచింది.

"ఆవిడ పూర్తిగా పోలేదు," అంది నసీమా తెర మీద వేలు పెట్టి. "అడుగున కాస్త మిగిలింది. కానీ మీ అమ్మని పిలిచిన ప్రతిసారీ అది కరిగిపోతోంది. ఈ దిక్కుమాలిన దాంట్లో వినడమే చెరపడం."

"వెనక్కి తిప్పలేమా?"

"ఆవిడ బతికుంటే తిప్పొచ్చు. పలక పక్కన కూర్చుని పాడితే ఆ ఊపిరి గుర్తుపట్టి అటు ఒరుగుతుంది. గొంతుకి వయసొస్తుంది గానీ, ఎక్కడ దమ్ము పట్టాలన్న అలవాటుకి రాదుగా. అయితే అప్పుడు మీ అమ్మ పోతుంది. రిహార్సల్సు, ఫోను మెసేజీలు, మొత్తం. పొర ఒక్కటేనే, ఒక్కరే పడతారు."

"ముందు అమ్మవన్నీ ఫోన్లోకి తీసుకుని..."

"తియ్యాలంటే వెయ్యాలి. వేస్తే ఆవిడ మిగలదు." నసీమా కుర్చీ వెనక్కి జరుపుకుంది. "ఇంకొకటి. రెండు గొంతులు ఇంత దగ్గరగా వాటంతట అవి రావు. ఎవరో ఒకరు రెండోవాళ్లలా పాడటం పనిగట్టుకుని నేర్చుకుని ఉండాలి."

ఇందుమతి కొట్టిపారేసింది. అమ్మకి సామ్రాజ్యం పేరెత్తితేనే గిట్టేది కాదు. నాటకాల కంపెనీ వ్యాను ఇంటిముందు ఆగితే, ఆవిడ దిగకముందే అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది. మాస్టారికీ సామ్రాజ్యానికీ మధ్య ఏదో ఉందని ఊళ్లో గుసగుసలు. ఉందో లేదో ఇందుమతి ఎన్నడూ అడగలేదు.

లాబు పెద్దలకి ఇద్దరూ కలిసి వెళ్లి చెప్పారు. వాళ్లు ముందు నమ్మలేదు, తర్వాత ఎవరిళ్లల్లో వాళ్లు విని చూసుకుని మొహాలు మాడ్చుకుని వచ్చారు. పొర పని ఆపేశారు. ఇచ్చిన పలకలన్నీ వెనక్కి తెచ్చి ఇమ్మన్నారు. ఇందుమతి ఇవాళ రేపు అని జాగు చేస్తోంది, అంతలోనే సామ్రాజ్యం గారు పొన్నూరు నుంచి దిగింది.

పొట్టి మనిషి. నెరిసిన జుట్టుని ముడి వేసుకుని, ఉబ్బసంతో మెట్టు మెట్టుకీ ఆగుతూ వచ్చింది. కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకోవడానికే చాలాసేపు పట్టింది.

"గుంటూరు నాటక పరిషత్తువాళ్లు సన్మానం చేస్తారంట మాస్టారూ," అంది. "హాల్లో నా ఏటి దరి పద్యం వినిపిస్తామన్నారు. నా దగ్గర ఒక్క ముక్క లేదు. నాకు టేపురికార్డరు ఎక్కడేడ్చింది? నేను పాడినదంతా మీ పెట్టెల్లోనేగా ఉంది."

మాస్టారు తలెత్తలేదు. ఇందుమతి గబగబా, "మిషను రిపేరులో ఉందమ్మా, తర్వాత పంపిస్తా," అంది.

"అడిగితే పాడుతుందంటగా, రోడ్డు మీద పిల్లలు చెప్పారు." సామ్రాజ్యం బీరువా వైపు తిరిగి, పనిపిల్లతో మాట్లాడినట్టు, "ఏమ్మా, నా ఏటి దరి పద్యం వెయ్యవే," అంది.

పలక వేసేసింది. దానికేం తెలుసు!

హార్మోనియం రాగానే ఆవిడ చెయ్యి తొడ మీద తాళం అందుకుంది. గొంతు రాగానే చెయ్యి ఆగిపోయింది. కళ్లు చిట్లించుకుని కడదాకా వింది. పందిరి 'వన్స్ మోర్' అన్నప్పుడు ఇందుమతి పరుగున వెళ్లి ఆపేసింది.

"ఆ దమ్ము నాది," అంది సామ్రాజ్యం. "'వచ్చితి' దగ్గర ఊపిరి బిగబట్టింది నేనే, ఆ రోజు జ్వరం నాకు. కానీ ఆ గొంతు నాది కాదు." ఇందుమతి వైపు తిరిగి, "భ్రమరాంబ గదూ?" అంది.

ఇందుమతి దగ్గరకొచ్చింది. "మీరెట్టా గుర్తుపట్టారు?"

"నేర్పినదాన్ని నేనేగా."

మాస్టారు అప్పుడు తలెత్తాడు.

"మీరు బడికెళ్లాక వచ్చేది మాస్టారూ, మధ్యాహ్నాలు. నేను గంగానమ్మపేటలో అద్దెకుండేదాన్ని గదా, అక్కడికి. 'ఆయనకి నీ గొంతంటే ప్రాణం, నాకు నీలా పాడటం నేర్పు' అంది. కోపంగా అడిగితే పొమ్మనేదాన్ని. కన్నీళ్లు పెట్టుకుని అడిగింది. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఏడాది తిరిగింది. అచ్చం నాలాగే వచ్చేసింది."

"నాకు తెలీలేదే," అన్నాడు మాస్టారు. 

"తెలీలేదనే ఏడ్చింది, నా దగ్గరకొచ్చి. 'నిన్న మొత్తం నీలాగే పాడి అందించానక్కా, ఆయన పద్యం ఆయన చూసుకున్నాడు, నా వంక చూడలేదు' అంది. ఆ తర్వాత మళ్లీ రాలేదు. నేను కనపడితే మొహం తిప్పుకునేది."

 అమ్మ వంటింట్లోకి వెళ్లిపోవడం ఇందుమతికి ఇప్పుడు వేరేగా కనిపించింది. 

దాచడానికి ఇక ఏముంది! పొర సంగతీ, వెనక్కి తిప్పే దారీ, దానికి పోయేదేమిటో కూడా ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"వద్దు," అన్నాడు మాస్టారు వెంటనే. "సామ్రాజ్యం బతికే ఉందిగా. కావాలంటే మళ్లీ పాడుతుంది. మీ అమ్మ మళ్లీ పాడుతుందా?"

"ఈ గొంతుతోనా మాస్టారూ నేను పాడేది?" ఆవిడ దగ్గు తెరని ఆపుకుని, ఇందుమతి వైపు తిరిగింది. "పిల్లా, నేను పెద్దమనసు చేసుకుని, పోనీలే ఉండనీ అంటానని చూస్తున్నావేమో. అనను. నాకు కావాలి. సిగ్గు విడిచి అడుగుతున్నా. నాకు బిడ్డలు లేరు, ఇల్లు లేదు, పేరు చెప్పుకునే మొగుడు లేడు. నేనంటూ బతికానని చెప్పేది ఆ పద్యం ఒక్కటే. అందులో కూడా నన్ను లేకుండా చెయ్యమాకండి."

ఇందుమతి వంటింట్లోకి వెళ్లి గట్టుని పట్టుకుని నిలబడింది. అమ్మ ఫోను మెసేజీల్లో పెద్ద మాటలేం లేవు. బియ్యంలో పురుగొచ్చింది, గొడుగు తీసుకెళ్లు, ఎక్కడున్నావ్. వాటిలో ఒక్కటి, ఒకే ఒక్కటి, చివరిసారి వినాలని ప్రాణం కొట్టుకుంది. వంటింట్లోంచి అడిగినా పలుకుతుంది పలక. నోటిదాకా వచ్చింది మాట. వింటే, ముందుగదిలో రొప్పుతూ కూర్చున్న మనిషి మరికాస్త కరిగిపోతుంది. పంటి బిగువున ఊరుకుంది. అమ్మని కాటికి పంపిన రోజు కూడా అంత కష్టపడలేదు.

బయటికొచ్చి, "ఉండండమ్మా మా ఇంట్లోనే," అంది.

సామ్రాజ్యం ఉంది. పొద్దున మాత్రలు వేసుకుని బీరువా పక్కన పీట వేసుకుని కూర్చునేది. పాడటమంటే పాడటం కాదు, సగం కూనిరాగం, సగం ఆయాసం. ఒక పాదం అని దగ్గేది, ఇంకో పాదం అని నీళ్లు తాగేది. లాబు నుంచి నసీమా లోపల చూస్తూ, 'ఒరుగుతోంది', 'ఇంకాస్త', 'ఇవాళ బాగా ఒరిగింది' అని ఫోన్లో చెప్పేది. మాస్టారు ఆ గదిలోకి అడుగు పెట్టలేదు. వరండాలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి పిలిస్తే వచ్చి, తల దించుకుని తిని వెళ్లేవాడు. కూతురితో మాటల్లేవు. సామ్రాజ్యంతో అంతకంటే లేవు.

పరిషత్తు రోజు ఆయన రానన్నాడు. ఆడవాళ్లిద్దరే గుంటూరు వెళ్లారు. హాల్లో దీపాలు తగ్గించి, ఇందుమతి ఫోన్లోకి ఎక్కించి తెచ్చిన పద్యం వేశారు. 'ఏటి దరిదాక వచ్చితి నింక నాథ...' ఏ మచ్చా లేని వయసు గొంతు, జ్వరం రోజున బిగబట్టిన ఊపిరితో సహా, హాలు కప్పుదాకా లేచింది. వెనక వరసల్లో ముసలాళ్లు లేచి నిలబడి వన్స్ మోర్ అని అరిచారు. శాలువా కప్పుకుని స్టేజీ మీద కూర్చున్న సామ్రాజ్యం వాళ్ల వంక చూడలేదు. చంటిబిడ్డ పక్కన పడుకున్న తల్లిలా ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ వింది. ఇందుమతికి ఏడుపొచ్చింది. సంతోషంతోనో, అమ్మ పోయిందన్న దిగులుతోనో ఆమెకే తెలియలేదు, రెండూ అయివుంటాయి.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. పూలదండ చేత్తో పట్టుకుని సామ్రాజ్యం గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. లోపల పలక మోగుతోంది. మాస్టారు ముందుగదిలోకి తిరిగొచ్చాడు. పడక్కుర్చీలో కళ్లు మూసుకుని, ఆగలేక, రిహార్సల్ వేసుకున్నాడు. భార్య ఒక్క అక్షరంలోనైనా మిగిలిందేమోనని ఆశ.

గిన్నెల చప్పుడు. కొళాయి నీళ్లు. సత్యసేనుడి పద్యం నడుస్తోంది, వయసులో ఉన్న మాస్టారి గొంతు. పద్యం ముగిసింది. వంటింట్లోంచి ఆడగొంతు అందించింది. సామ్రాజ్యం గొంతు. ఎక్కడా భ్రమరాంబ లేదు.

పద్యం అందించి ఆ గొంతు ఊరుకోలేదు. "ముందు ఆ కాఫీ తాగండి, చల్లారిపోతోంది. మళ్లీ పెట్టమంటే పెట్టను," అంది, ముద్దుగా విసుక్కుంటూ.

కళ్లు తెరవకుండానే మాస్టారు పక్కనున్న స్టూలు మీదికి చెయ్యి చాచాడు. ఎవరి గొంతో అని ఆ చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఖాళీ స్టూలుని తడిమి, తడిమి, అక్కడే ఉండిపోయింది.

గుమ్మంలో సామ్రాజ్యం ఒక చెప్పు కాలికుండగానే గోడ పట్టుకుంది. "నేనెప్పుడూ అన్లేదమ్మా ఈ మాట," అంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "అనాలని ఎంతుండేదో... ఒక్కనాడూ అన్లేదు."

ఇందుమతి పలక ఆపడానికి బీరువా వైపు పరిగెత్తింది. చెయ్యి ఇంకా అందలేదు. "ఇందూ! నాన్న దగ్గర గ్లాసు పట్టుకురామ్మా," అని పిలిచింది పలకలోంచి సామ్రాజ్యం గొంతు.

ఎక్కడో పెరట్లోంచి చిన్నపిల్ల పరిగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు, ఆ వెంటే ఆయాసపడుతూ ఇందుమతి చిన్నప్పటి గొంతు:

"వస్తున్నానమ్మా!"